ఆమెన్ అన్న పాపం

లోవెట్ అయ్యగారు ప్రసంగం ఆపకుండానే ఇసుక గడియారాన్ని రెండోసారి తిరగేశారు. ఉపవాస దినం కాబట్టి పొద్దుటి నుంచి ఊళ్లో ఎవరూ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మందిరంలో పొయ్యి లేదు, చలికి పళ్లు టకటకమంటున్నాయి. ఆడవాళ్ల వైపు కూర్చున్న కెజీయా బార్‌స్టోకు మాత్రం ఆకలీ తెలియడం లేదు, చలీ తెలియడం లేదు. ఆమె ప్రాణమంతా మందిరం వెనక కొట్టంలో ఉంది.

ఆ కొట్టంలో ఆమోసును కట్టి పడేశారు. అతను ఇంగ్లీషువాళ్లు రాకముందు నుంచీ ఈ నేల మీదున్న నిప్మక్ జాతివాడు. బాప్తిస్మం తీసుకుని, ఈ మందిరంలోనే చివరి బల్లమీద కూర్చుని కీర్తనలు పాడినవాడు. ఇంగ్లీషువాళ్లకీ ఇక్కడి జాతులకీ యుద్ధం వచ్చాక, ఆ జాతులవాళ్లయితే చాలు, ప్రార్థన చేసేవాళ్లయినా సరే, బోస్టన్ ఎదుటి దీవికి తోలేయమని ఆజ్ఞ వచ్చింది. ఆ దీవిలో కప్పు లేదు, కట్టెలు లేవు. ప్రసంగం అయిపోగానే బండి కదులుతుంది. "వీడు మావాడు" అని సంఘం పూచీ పడితేనే అది ఆగుతుంది.

కిందటి నెల మొక్కజొన్న చేలో కెజీయా భర్త హనోకు కాలికి తూటా తగిలితే, వీపున వేసుకుని అడవి దాటించి ఇంటి గుమ్మంలో దించింది ఆ ఆమోసే. ఆ విశ్రాంతి దినాన అయ్యగారు ప్రార్థనలో, "ప్రభువు తన దూతను పంపి హనోకును ఇంటికి చేర్చాడు" అన్నారు. ఊరంతా ఆమెన్ అంది. ఆ దూతకు రెండు గిన్నెల గంజి పోసిన కెజీయా కూడా అంది.

"మనం ఎవరం?" అయ్యగారు గర్జించారు. "దేవుడు సముద్రం దాటించి తెచ్చి నాటిన జనం! ఇంగ్లండు మనల్ని మరిచినా ఆయన మరవలేదు. ఇది ఆయన మాటిచ్చిన నేల, మన కనాను, మనమే కొత్త ఇశ్రాయేలు. మరి ఈ ఓటమి ఎందుకు? దోచిన సొమ్ము గుడారంలో పాతిపెట్టిన ఆకానులాగా మనలో ఎవరో పాపం దాచుకున్నారు! ఒక్కడు దాస్తే జనమంతా అనుభవించాలి!"

'మన' అన్నప్పుడల్లా ఆయన చెయ్యి మందిరమంతా తిరిగింది, చివరి బల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయింది.

మందిరంలో ఆడది నోరెత్తకూడదు. కానీ పాపం ఒప్పుకోవడానికి లేచినవాళ్లను ఆపే హక్కు అయ్యగారికి కూడా లేదు. కెజీయా గుండె రాయి చేసుకుని లేచి నడవలోకి వచ్చింది.

"కూర్చోవే! మతిగానీ పోయిందా?" మగవాళ్ల వైపు నుంచి హనోకు గొంతు తగ్గించి కసిరాడు.

"నీ కాలు సంగతి నువ్వు చూసుకో. నా సంగతి నేను చూసుకుంటా."

"ఏంటమ్మా కెజీయా?" అన్నారు అయ్యగారు.

"ఆ ఆకాను నేనేనండి. పాపం దాచాను."

ఇంకొకరి పాపమంటే ఎవరికి చేదు? కునికిపాట్లు పడుతున్నవాళ్లు కూడా నిటారుగా కూర్చున్నారు.

"అబద్ధానికి ఆమెన్ అన్నానండి. మా ఆయన్ని మోసుకొచ్చింది దేవదూత కాదు. దేవదూతకి చెప్పులు తెగుతాయా? ఇంకాస్త గంజి పొయ్యమంటాడా? ఆమోసండి. మీకూ తెలుసు."

అయ్యగారి ముఖం కందగడ్డలా అయింది. "దేవుడు ఎవరిచేతైనా పని చేయించుకుంటాడు తల్లీ. పనిముట్టుకి దణ్ణం పెడతామా?"

"పనిముట్టుకి బాప్తిస్మం ఇచ్చారు కదండీ, మీ చేత్తోనే."

ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గినట్టు నటించారు.

"మా ఆయన్ని మోసిన రోజు మనవాడు. ఇవాళ ఎట్లా కాకుండా పోయాడండి? అతనికి పూచీ పడండి. అప్పుడే నా పాపం తీరేది."

అయ్యగారు చెడ్డమనిషేమీ కాదు, భయస్థుడు. తప్పించుకునే దారి వెతుక్కున్నారు. "మన సహోదరి పశ్చాత్తాపపడింది. క్షమించేవాళ్లు చేతులెత్తండి."

మగవాళ్లందరూ చేతులెత్తారు. హనోకు కూడా ఎత్తాడు.

"మరి పూచీ?"

"అది కోర్టు వ్యవహారం. నిన్ను క్షమించాంగా, వెళ్లి కూర్చో అమ్మా."

కీర్తన ఎత్తుకున్నారు. కెజీయాకు ఒళ్లు మండిపోయింది. పెదవి కదపకుండా బయటికి నడిచింది.

బండిలో ఆమోసు చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. ఆమె తన శాలువా అతని భుజాల మీద కప్పి ముడివేసింది.

"అంతా వినపడిందక్కా. కొట్టం గోడలు పల్చనేగా."

"ఏం లాభం తమ్ముడూ? నన్ను క్షమించారంతే."

"ఏం చేశావని?" అన్నాడతను, నిజంగానే అర్థంకాక. ఆమె జవాబు చెప్పేలోగా బండి కదిలింది.

మరుసటి విశ్రాంతి దినాన, అయ్యగారు ఇంకా నోరు విప్పకముందే, కెజీయా మళ్లీ నడవలో నిలబడింది.

"మళ్లీ ఏం పాపమమ్మా?"

"అదేనండి. ఇంకా చేస్తూనే ఉన్నాం."

"దాన్ని క్షమించేశాం కదా!"

"అతను తిరిగొచ్చేదాకా ప్రతివారం లేస్తానండి. మీరు ప్రతివారం క్షమించండి."

అయ్యగారు ఏదో అనబోయారు. ఇంతలో మగవాళ్ల వైపు నుంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. కుంటుకుంటూ హనోకు వచ్చి పెళ్లాం పక్కన నిలబడ్డాడు.

"నీదేం పాపమయ్యా?"

"పోయినవారం చెయ్యెత్తానండి."