మే పొద్దున అడిగిన నిప్పు

డీలియా కవ్వం ఎత్తి దించడం మొదలుపెట్టి గంటన్నర అయింది. వెన్న జాడ లేదు. నడుమెత్తు చెక్కపీపాలో మీగడ ఇంకా నీళ్ల చప్పుడే చేస్తోంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. కుడిచెయ్యి ఎడమచేతికన్నా లావు. ముప్ఫై ఏళ్లుగా గెరటీల ఇంట్లో పనిమనిషిగా చిలికినందుకు ఆమెకి మిగిలింది అదొక్కటే.

పైగా మే నెల మొదటి రోజు. ఐర్లండు పల్లెల్లో 'మంచివాళ్లు', అంటే కంటికి కనపడని మాయజాతి, తిరిగే రోజు. వాళ్లని అసలు పేరు పెట్టి పిలవకూడదు. ముందురోజే పసుపుపచ్చ పూలు కోసుకొచ్చి గడపమీద చల్లితే వాళ్లు లోపలికి రారు, వెన్న ఎత్తుకుపోరు. ఈ ఏడు మోకాళ్లు పట్టేసి డీలియా పూలకి వెళ్లలేదు. ఆ మాట అమ్మగారికి చెప్పనూ లేదు. తేలు కుట్టిన దొంగలా లోలోపలే గింజుకుంటోంది.

"వెన్న పడకపోతే సాయంత్రానికి మూట సర్దుకో" అనేసి అమ్మగారు సంతకి వెళ్లింది.

గుమ్మంలో నీడ పడింది. కొండవాలు గుడిసెలో ఒంటరిగా ఉండే ముసలి సబీనా. చేతిలో మూతపెట్టిన ఇనపకుండ, ఒళ్లంతా వణుకు.

"నీ పనికి దేవుడి దీవెనే డీలియా! రాత్రి వానకి కప్పు కారి పొయ్యి ఆరిపోయింది. రెండు నిప్పులు పెట్టవే తల్లీ, చలికి చచ్చిపోతున్నా."

ఈ రోజు ఇంట్లోంచి నిప్పు పోతే ఏడాది అదృష్టం దాని వెంటే పోతుంది. అందులోనూ ఈ సబీనా మంత్రంతో వెన్న కాజేస్తుందని ఊళ్లో చెవులు కొరుక్కుంటారు.

"ఇవాళ ఏం రోజో తెలీదూ? నా కొలువుకి ఎసరు పెట్టకు పిన్నీ."

"పోనీలే. చిలికేచోట చెయ్యి వెయ్యకుండా పోతే నీ వెన్న నేనే పట్టుకుపోయానంటారు. ఇలా తే."

కుండ కిందపెట్టి మూడుసార్లు కవ్వం దించింది. దగ్గుకుంటూ వెళ్లిపోయింది.

కాసేపటికే వెన్న పడింది. డీలియాకి సంతోషం మాత్రం కలగలేదు. కడిగిన వెన్నే మళ్లీ కడిగింది. ఊడ్చిన చోటే ఊడ్చింది. పదిసార్లు గుమ్మంలోకొచ్చి కొండవాలు చూసింది. అన్ని ఇళ్లమీదా పొగ లేచింది, ఆ ఒక్క గుడిసెమీద తప్ప.

మధ్యాహ్నం పీపా జరపబోతే వెనక ఇనపకుండ కనిపించింది. మూత తీసింది. నిండా పసుపుపచ్చ పూలు. డీలియా మోకాళ్ల సంగతి ముసలమ్మకి తెలుసు.

పూలు గడపమీద చల్లుతుంటే ఆమెకి ఏడుపొచ్చింది. పొద్దుగుంకేదాకా ఆగి నిప్పిస్తే ఏ తప్పూ లేదు. ఆగలేకపోయింది. కుండనిండా నిప్పులు ఎత్తుకుని బయల్దేరింది.

దారిలో అమ్మగారి బండి ఎదురైంది.

"ఏమే, ఆ కుండలో ఏంటి?"

"నిప్పమ్మగారూ."

"మతిపోయిందా? మళ్లీ నా గడప తొక్కావంటే చూడు!"

డీలియా ఆగలేదు.

సబీనా పొయ్యిముందు కూర్చునే ఉంది, శాలువా చెవులదాకా లాక్కుని, చేతులు బూడిదవైపు చాపి.

"పిన్నీ... నిప్పు తెచ్చానే."

ఆ వేళ్లు పట్టుకుని చూసింది. మంచులా చల్లబడి, కొయ్యల్లా బిగుసుకుపోయాయి. చాలాసేపు వదలలేదు.

ముసలమ్మ కాళ్లదగ్గర ఇనపకుండలో నిప్పులు ఇంకా ఎర్రగా, వెచ్చగా ఉన్నాయి.