ఇద్దరికీ ఒకే గొంతు

చావు కబురు చెప్పడానికి ఎవరో ఒకరు వెళ్ళాలి కదా, నన్ను పంపారు. చచ్చిపోయినవాడికే ఆ కబురు చెప్పాల్సి రావడం ఒక్కటే ఇందులో విశేషం.

మా హాంకాంగ్ సినిమావాళ్ళం దేనికీ భయపడం. గూండాలు షూటింగుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నా టీ ఇప్పిస్తాం. కానీ బతికున్న నటుడి ఫోటో ముందు అగరొత్తులు వెలిగించాలంటే మాత్రం నిజం చావుని పిలిచినట్టేనని అందరికీ భయం. అందుకే ముందుగా అతని చేతికి ఎర్ర కవరు ఇస్తాం. అతను తీసుకుని, అందులోని డబ్బు ఆ రోజే ఖర్చుపెట్టేస్తే గండం గడిచినట్టు. తీసుకోకపోతే లైటు వేసేవాడు కూడా దొరకడు.

నాలుగేళ్ళ కిందట ఆరువేళ్ళ షింగ్ అనే జేబుదొంగ కథ ఒకటి విపరీతంగా ఆడింది. షింగ్‌గా వేసింది మోక్ తిన్-యౌ. మొహం మోకన్నది, గొంతు నాది. అతనిది సొంతూరు స్వాటో యాస. నోరు విప్పితే నవ్వు పోయి జాలి మిగిలేది. అప్పట్లో అన్నీ డబ్బింగులే కాబట్టి బండి నడిచిపోయింది. అందులో షింగ్ తాగి పాడే పాట కేసెట్లు వీధివీధినా మోగాయి. జనం ఆపి పాడమంటే మోకన్న గొంతు పట్టుకుని దగ్గేవాడు.

ఇప్పుడు రెండో భాగం. ఈసారి జేబుదొంగ ఒక కేసెట్ కంపెనీలో దూరి, గాయకుల ఒప్పందం కాగితాలు కొట్టేస్తాడు. కొత్త డైరెక్టర్ క్వాన్‌కి డబ్బింగు పడదు. షూటింగులో మాట్లాడిందే సినిమాలో వినబడాలట. ఇంకేముంది, మొదటి సీనులోనే షింగ్‌ని చంపేసి ఫోటోకి మిగిల్చారు. మిగతా సినిమా అంతా షింగ్ తమ్ముడిది. ఆ వేషం నాకిచ్చారు. పదహారేళ్ళు చీకటిగదిలో మైకు ముందు నిలబడి ఇతరుల పెదవులు చూస్తూ బతికినవాణ్ణి, కాదనడానికి నోరు రాలేదు.

పొద్దున్నే యౌమాటే పేటలో మేం ఎప్పుడూ కూర్చునే టీ దుకాణానికి వెళ్ళాను. మోకన్న అప్పటికే వచ్చి ఉన్నాడు. జుట్టుకి నల్లరంగు వేశాడు. బల్లమీద చిన్న కేసెట్ ప్లేయరు.

"ఏరా కిత్, వచ్చీసావా! కూకో. రెండోది తీస్తన్నారంట గదా? నాకింకా కబురెట్టనేదు. ఎట్టకేటి సేస్తారు, షింగు నేకుండా?"

నేను టీ కలుపుతూ కూర్చున్నాను.

"ఇప్పుడు ఎవుడి గొంతు ఆడే ఇయ్యాలంట. అందుకే ఆర్నెల్లబట్టి నేర్సుకుంతన్నాను. ఇను." నిటారుగా కూర్చున్నాడు. "అయ్యా, మీ పర్సు నా దగ్గర క్షేమంగా ఉంది. కాస్త మీరే జాగ్రత్తగా ఉండండి."

అది సినిమాలో నేను చెప్పిన డైలాగు. యాస లేదు. నేను ఊపిరి ఎక్కడ తీసుకున్నానో అక్కడే తీసుకున్నాడు. తర్వాత పాట ఎత్తుకున్నాడు. రెండో చరణానికి స్వాటో తొంగిచూసింది.

పక్కబల్ల ఆయన పేపరు దించాడు, మోకన్నని గుర్తుపట్టలేదు. "పర్లేదు తాతా, బానే అనుకరిస్తున్నావు. కానీ అసలు షింగ్ పాడితే ఆ దర్జాయే వేరు."

మోకన్న ఆయనకి నమస్కారంగా తల ఊపాడు. "ఎలగుందిరా?" అన్నాడు నాతో.

"బాగుందన్నా."

"అబద్దమాడకు. పాటకాడ జారిపోతంది. ఇంకో నెల్లో సరిసేసెత్తాను."

నాకు కళ్ళు మండాయి. రుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే దాంతోపాటు ఎర్ర కవరు అంచు బయటికొచ్చింది. ఎర్ర కవర్లు పంచుకునే కొత్త సంవత్సరం వెళ్ళి ఐదు నెలలైంది. నలభై ఏళ్ళు సినిమాల్లో ఉన్న మనిషికి విడమర్చి చెప్పక్కర్లేదు. కేసెట్ ప్లేయరు పక్కకి జరిపాడు.

"ఏటిరా, నన్ను సంపీసినారా?"

"మొదటి సీనులోనే, అన్నా."

"ఎలగ?"

"చేప ఉండ గొంతులో అడ్డంపడి."

పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి గొంతు తడుముకున్నాడు. "ఆకరికి గొంతే. బాగా రాసినారు. మరి తరవాత కతెవుడిది?"

"తమ్ముడిది."

"తమ్ముడెవుడు?"

నేను కప్పులోకి చూశాను.

"తలెత్తు. ఎవుడు?"

"నేనే, అన్నా."

మోకన్న నా జేబులోని కవరు అంచు వైపు చూశాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"నానిది అందుకోకపోతే?"

"షూటింగ్ ఆగుతుంది. క్వాన్ కథ మార్పించుకుంటాడు. నీ వేషం నీకు రాదు, నా వేషం నాకు పోతుంది." ఆ రోజు నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే, నిజం చెప్పడమే.

మోకన్న చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. రెండు చేతులూ చాపి కవరు అందుకున్నాడు. "పద. పొద్దుగూకకముందే ఇది ఖర్సయిపోవాల."

వీధి చివర మూలికల కొట్టులో ఆ డబ్బంతా పెట్టి గొంతుకి మంచివని ఎండు లోహాన్ కాయలు కొన్నాడు. సంచీ నా చేతిలో పెట్టాడు.

"రోజూ ఉడకేసుకుని ఆ నీళ్ళు తాగు. గొంతు పాడుసేసీకు. అది ఇద్దరిదీ."

గురువారం షూటింగు. నల్లగుడ్డల మధ్య మోకన్న ఫోటో నవ్వుతోంది. తమ్ముడు అన్న ఫోటో ముందు ఆ తాగుడు పాట పాడాలి; ఏడ్చేవాళ్ళు ఏడుపాపి నవ్వాలి. అదీ హాస్యం. సెట్లో ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీయకూడదని క్వాన్ హెచ్చరించాడు.

మొదలుపెట్టాను. మొదటి చరణం అయింది. లైట్ల వెనక మోకన్న నిలబడి ఉన్నాడు. తన ఫోటో ముందు పొగ లేస్తుంటే ఆ మనిషి అక్కడికి రాకూడదు, అయినా వచ్చాడు. అతని పెదవులు కదులుతున్నాయి. ఒక్క మాట కూడా తప్పడంలేదు. చప్పుడు మాత్రం లేదు.

నా గొంతు ఆగిపోయింది. అతని పెదవులు ఆగలేదు. చరణం చివరిదాకా వెళ్ళి, నేను ఆగిపోయానని అప్పుడు తెలిసి, చేత్తో నోరు మూసుకున్నాడు.

"కట్! ఏమైంది కిత్?" క్వాన్ అరిచాడు. అందరూ వెనక్కి తిరిగారు.

"ఒగ్గీండి బాబూ, నాదే తప్పు," అని మోకన్న ఒక్కొక్కరికీ తల వంచుతూ బయటికి నడిచాడు. వెళ్తూ స్టూడియో తలుపు తనే మూశాడు, చప్పుడు కాకుండా, మెల్లగా.

రెండో టేకులో నేను చాలా బాగా పాడాను.