అఫ్సర్ రోజా

మా తమ్ముడు యాసీన్ హైదరాబాద్‌లో మరమనుషుల్ని తయారుచేసే కంపెనీలో పనిచేస్తాడు. అమ్మీని చూసుకోమని వాటిలో ఒకదాన్ని తాండూరులో మా ఇంటికి పంపాడు. నాకు వికారాబాద్‌లో ఉద్యోగం వచ్చి నెలయినా కాలేదు. పగలంతా అమ్మీ ఒక్కతే, పైగా షుగర్. ఈ మరమనిషి నిలిస్తేనే నా ఉద్యోగం నిలుస్తుంది.

అది మగ గొంతుతో "సలాం, లాల్‌బీ గారూ" అనగానే అమ్మీ చటుక్కున తలమీద కొంగు కప్పుకుంది. మాత్రలేసుకోండి, నీళ్లు తాగండి అని అది హుకుములు మొదలుపెట్టేసరికి అఫ్సర్ అని పేరు పెట్టింది. ఇద్దరికీ బాగానే కుదిరింది. హమ్మయ్య అనుకున్నాను. నా మొహం! రంజాన్ వచ్చింది.

అమ్మీని రోజా ఉపవాసం ఉండొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. నేను పొద్దున్నే వండిపెట్టి రైలుబండెక్కేదాన్ని. మధ్యాహ్నమయ్యేసరికి ఫోన్‌లో అఫ్సర్ కబురు: "లాల్‌బీ గారు భోజనం చేయలేదు." మర్నాడూ అదే కబురు. షుగర్ తగ్గి ఎక్కడ పడిపోతుందోనని ఆఫీసు వదిలి మధ్యాహ్నం తాండూరు బండికి పరుగెత్తాను.

"ఇంకోసారి గిట్ల మధ్యల పోతే మల్ల రాకమ్మా" అన్నాడు మేనేజర్ మహిధర్.

ఇంటికొచ్చి చూస్తే పళ్లెం మీద మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. నాకు ఒళ్లు మండింది.

"ఎందుకు తింటలేవ్ అమ్మీ? నన్ను సంపుతవా?"

"మెల్లగ మాట్లాడు" అంది అమ్మీ, అఫ్సర్ వైపు చూస్తూ. "వాడు రోజా ఉన్నడు."

"ఎవడు?"

"నేను రోజు చూస్తున్న. గుక్కెడు నీళ్లు గూడ ముట్టడు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ కాంగనె పోయి ప్లగ్గు కాడ నిలబడ్తడు. ఉపాసమున్నోని ముంగట నేను ముద్దెట్ల మింగాలె?"

తల బాదుకున్నాను. నేను ఇంట్లో ఉన్నప్పుడైతే చూసుకోవచ్చని దాని చార్జింగ్‌ని సాయంత్రానికి పెట్టింది నేనే.

"అది యంత్రం అమ్మీ!"

"యంత్రమైతేంది? జర అదబ్, మర్యాద ఉండొద్దా?"

పోనీ, పక్క గదిలో కూర్చుని తినమన్నాను.

"దాసుకోని తినడానికి నేనేమన్న దొంగనా?" అంది.

యాసీన్‌కు ఫోన్ చేస్తే పడీపడీ నవ్వాడు. "ఇకిలించింది చాలు గని, ఉపాయం చెప్పురా" అని కసిరాను. వాడు అక్కడినుంచే చార్జింగ్ వేళను మధ్యాహ్నానికి మార్చాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అమ్మీ ఫోన్.

"ఆఫియా! అఫ్సర్ రోజా ఇడిసిండు! పట్టపగలు ప్లగ్గు పెట్టుకున్నడు!"

మేనేజర్ నావైపే చూస్తున్నాడు. నోటికొచ్చింది చెప్పేశాను. "వానికి గూడ షుగరే అమ్మీ. డాక్టర్ రోజా వద్దన్నడు."

రోజా ఉండి అబద్ధమాడాను, అల్లా మాఫ్ చేయాలి. అవతల పళ్లెం మూత తీసిన చప్పుడైంది.

"సిగ్గుపడకు కొడుకా" అంటోంది అమ్మీ. నాతో కాదు. "జబ్బుమనిషికి మాఫీ ఉన్నది. బిడ్డ రోజా, గల్లీ అంత రోజా. నేనొక్కదాన్నే తినాల్నంటె ముద్ద దిగకపోతుండె. మంచిగ తోడు దొరికినవ్."

నాకు ఏడుపొచ్చింది. ఇన్ని రోజుల్లో ఈ మాట నాతో ఒక్కసారైనా అనలేదు.

"అమ్మీ..."

"ఫోన్ పెట్టు బిడ్డా. మేం తింటున్నం."

ఆ మధ్యాహ్నం తాండూరు బండి నేను లేకుండానే వెళ్లిపోయింది.