నీలి పెట్ట దిగని శనివారం

గ్యారెత్ రైలు నడుపుతాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పట్టాల మీదే ఉంటాడు కాబట్టి ఇల్లు శని, ఆదివారాల్లో కట్టుకుంటాడు. మేస్త్రీని పెట్టలేదు. తనే కడతాడు. అలా రెండున్నరేళ్లయింది. ఇంకా కప్పు పడలేదు.

అతని పెరటికీ మా పెరటికీ మధ్య రేకుల కంచె. కంచెకు ఇవతల నా పావురాల గూడు. గూడంటే పెట్టె కాదు, మనిషి నిలబడి తిరగగలిగిన చెక్క గది. ఐదు మెట్లెక్కాలి. మాల్టా దీవి నుంచి ఓడలో ఈ దేశం వచ్చిన మావాళ్లలో చాలామందికి ఈ పిచ్చి ఉంది. గ్రేస్టేన్స్ పేటలో ఈ ఇల్లు కొన్నప్పుడు వంటగది కన్నా ముందు గూడు కట్టాను. మా ఆవిడ దొలొరెస్ ఆ మాట ఇప్పటికీ అంటుంది.

పందెం ఎలాగంటే, పావురాల్ని క్లబ్బులో అప్పగిస్తాం. లారీ వాటిని ఎక్కడో దూరాన తెల్లవారుతుండగా వదులుతుంది. ఎవరి పావురాలు వాళ్లింటికి ఎగిరొస్తాయి. గూటి గుమ్మంలో ఒక పలక ఉంటుంది. పావురం దాని మీద అడుగు పెడితే కాలి ఉంగరాన్ని మిషన్ పసిగట్టి టైము వేస్తుంది. ఇంటి కప్పు మీద వాలితే లెక్కలోకి రాదు. లోపలికి రావాలి.

ముప్పై ఒక్కేళ్లు పంపాను. చిన్న పందేలు గెలిచాను. ఏడాదికొకసారి వచ్చే పెద్ద పందెం, ఐదు వందల కిలోమీటర్లది, ఒక్కసారీ గెలవలేదు. ఒకసారి రెండో స్థానం వచ్చింది. మొదటిది సల్వుది. సల్వు నాతోపాటు ఒకే ఓడలో వచ్చినవాడు. ఆ సంగతి పదహారేళ్లుగా మర్చిపోనివ్వలేదు.

ఇప్పుడు మోకాళ్లు అయిపోయాయి. ఈ ఏడాది పందేలు కాగానే గూడు తీసేస్తానని దొలొరెస్‌కు మాటిచ్చాను. అంటే నాకు మిగిలింది ఒక్క పెద్ద పందెం.

ఇక మోత సంగతి. మొదటి ఏడాది గ్యారెత్ పాత కాంక్రీటు పగలగొట్టాడు. తర్వాత మిషన్ రంపం కొన్నాడు. అది మోగితే కట్టుడు పళ్లు కూడా జివ్వుమంటాయి. వీధిలో ఎవరి ఉపాయం వాళ్లు చూసుకున్నారు. మూలింటి డెస్మండ్ రంపం మోగినప్పుడల్లా గడ్డి కోసే మిషన్ తీసేవాడు. అతని గడ్డి చచ్చి ఏడాదయింది. దొలొరెస్ జపమాల రంపం కన్నా గట్టిగా చదవడం మొదలుపెట్టింది. మరియమ్మకు చెవుడు లేదు, మెల్లగా చదవమన్నాను. నీకుందిగా అంది. ఎదురింటి నోలీన్ పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ ఒక నోటుబుక్కు కొని, రంపం ఎప్పుడు మొదలైందీ ఎప్పుడు ఆగిందీ నిమిషాలతో సహా రాసింది. మూడు నోటుబుక్కులయ్యాయి.

నా ఉపాయం వేరు. మొదట్లో ఆ మోతకు పావురాలు బెదిరి చెదిరిపోయేవి. అందుకని రంపం మొదలవగానే గుప్పెడు బఠాణీలు గూట్లో చల్లేవాణ్ని. నెల తిరిగేసరికి రంపం కూస్తే చాలు, ఎక్కడున్నా వచ్చి లోపలికి దూకేవి. అంతకు ముందు మేతడబ్బా ఆడించి పిలిచేవాణ్ని. అది మానేశాను. రంపం ఉండగా డబ్బా ఎందుకు? ఆ ఏడాదే నీలి పెట్ట గుడ్డులోంచి వచ్చింది. దాని అంత గట్టి పావురం నా చేతిలో పడలేదు. డబ్బా చప్పుడు అది పుట్టాక వినలేదు.

మొన్న చలికాలం చివర నోలీన్, మోత ఆపించమని ఊరి కౌన్సిల్‌కు రాసిన అర్జీ పట్టుకొచ్చింది. మొదటి సంతకం ఆవిడది, రెండోది డెస్మండ్‌ది. దొలొరెస్ కలం చేతికిచ్చి పక్కన నిలబడింది. మూడోది నేను పెట్టాను. మోత పోతుందన్నదే బుర్రలో ఉంది. పావురాల సంగతి రాలేదు.

కౌన్సిల్ నుంచి గ్యారెత్‌కు నోటీసు వచ్చింది. శనివారం ఎనిమిది నుంచి ఒంటిగంట దాకానే కట్టడం పని. ఆదివారం అసలు లేదు. ఒక్కసారి మీరినా పని మొత్తం ఆపేస్తారు. ఆ నోటీసు వచ్చింది పెద్ద పందెం ముందు బుధవారం.

శనివారం ఒంటిగంటకు రంపం ఆగింది. వీధిలో వాళ్లంతా బయటికొచ్చి నిలబడ్డారు. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. డెస్మండ్ గడ్డి మిషన్ పట్టుకుని దాని వంకే చూస్తున్నాడు. జనం గుసగుసలాడుకున్నారు, ఎవరో పడుకున్నట్టు. నోలీన్ ఈ రోజు కోసమని కొత్త చెక్క బెంచీ కొంది. దాన్ని వాకిట్లో వేసుకుని, టీ కప్పు పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది.

ఆ రోజు ఎదురుగాలి. పావురాలు ఆలస్యంగా వస్తాయని అందరికీ తెలుసు. రెండుంపావుకు దక్షిణం నుంచి ఒక చుక్క కనబడింది. నీలి పెట్ట. గూటి మీద ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. వెళ్లి గ్యారెత్ ఇంటి దూలం మీద వాలింది.

ఈల వేశాను. బఠాణీలు చూపించాను. పాత డబ్బా వెతికి తెచ్చి ఆడించాను. ఆ చప్పుడుకు లేచి ఇంకా దూరం, నోలీన్ ఇంటి కప్పు మీదికి పోయింది.

సల్వు ఫోన్ చేశాడు. క్లబ్బులో ఇంకా ఎవరిదీ రాలేదట.

"నీది వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది."

"టైమెంత?"

"కప్పు మీద ఉంది."

అతను చాలాసేపు నవ్వాడు. వాళ్లావిడను పిలిచి ఆవిడక్కూడా చెప్పాడు. ఫోన్ పెట్టేశాను.

ఆకలేస్తే అదే దిగుతుందిలే అంది దొలొరెస్. అప్పుడు నా చేతిలో బఠాణీలు చూసుకున్నాను. సంగతి అప్పుడు తెలిసింది. దాని లెక్కలో ఇంకా అన్నం గంట కొట్టలేదు.

కంచె అవతలికి వెళ్లాను. గ్యారెత్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని బీరు తాగుతున్నాడు.

"ఏం పెద్దాయనా, చల్లగా ఉందా ప్రాణం?"

"ఒక్కసారి రంపం వెయ్యి."

అతను సీసా కింద పెట్టాడు. "నీ సంతకం మూడోది. నేను చదివాను."

"అవును."

"మరి?"

"పావురం దిగడం లేదు."

ఇంకోసారి మోగితే తన ఇల్లు జన్మంతా ఇలాగే కప్పు లేకుండా ఉండిపోతుందనీ, తను రైలు పెట్టెలో కాపురం పెట్టాల్సి వస్తుందనీ చెప్పాడు. నోలీన్ ఒప్పుకుంటే వేస్తావా అన్నాను.

"నోలీన్ ఒప్పుకుంటే రైలునే పట్టాలు దించి మీ వీధిలోకి తోలుకొస్తా," అన్నాడు.

నోలీన్ వాకిట్లోకి వెళ్లాను. ఆవిడ కళ్లు తెరవలేదు. "కూర్చో చెన్సూ. విను," అంది.

"ఏం వినాలి?"

"ఏమీ లేదుగా. అదే."

చెప్పాను. గుడ్డు దగ్గర్నుంచి మొదలుపెట్టి, బఠాణీలు, సల్వు, ఓడ, మోకాళ్లు, అన్నీ చెప్పాను. మా పెళ్లప్పుడు కూడా అన్ని మాటలు మాట్లాడలేదని దొలొరెస్ తర్వాత అంది. నోలీన్ కళ్లు తెరిచి తన కప్పు మీదున్న పెట్టను చూసింది. వాచీ చూసింది.

"రెండున్నరేళ్లు పోరాడితే నాకు దక్కింది గంటన్నరయ్యా," అంది.

ఆవిడ లేచి లోపలికెళ్లింది. అయిపోయింది అనుకున్నాను. కళ్లజోడు, నోటీసు నకలు, ఇంకో కాగితం తెచ్చింది. నోటీసు వేలు పెట్టి చదివింది. కట్టడం పని అని ఉంది, కోత అని లేదు. రెండో కాగితం కౌన్సిల్ చెత్తబండిది. సోమవారం బండి వస్తుందని వీధంతా పాత సామాను వాకిళ్ల ముందు గడ్డిలో పెట్టింది. ఒకటిన్నర మీటరు మించిన సామాను కోసి పెట్టకపోతే తీసుకెళ్లరని ఆ కాగితంలో ఉంది.

"ఇది కట్టడం కాదు. కౌన్సిల్ చెప్పినట్టు వినడం," అంది నోలీన్.

గ్యారెత్ నమ్మలేదు. రాసిమ్మన్నాడు. ఆవిడ నోటుబుక్కులో రెండూ యాభై ఒకటి, చెత్త కోత అని రాసి సంతకం పెట్టింది. డెస్మండ్ పెట్టాడు. మూడోది నేను పెట్టాను.

రంపాన్ని కాలిబాట మీదికి తెచ్చారు. ముందు ఒక పొడుగు కర్టెను కర్ర దొరికింది. జర్రుమని ఒక్క క్షణంలో తెగిపోయింది. కప్పు మీద పెట్ట మెడ ఎత్తింది. మళ్లీ దించింది.

"సన్నది చాలదు, మందంది తెండి," అన్నాడు గ్యారెత్.

డెస్మండ్ పారేసిన చెక్క బీరువా మోసుకొచ్చారు. రంపం కూసింది. పెట్ట లేచింది. వీధి మీద ఒక చుట్టు తిరిగి, పక్క సందులోంచి కనబడే మా గూటి కప్పు మీద దిగింది. గుమ్మం దాకా నడిచింది. బీరువా అయిపోయింది. రంపం ఆగింది. పెట్ట ఒక కాలు ఎత్తి అలాగే నిలబడింది.

"ఆపకండి," అని అరిచాను. ఆ వీధిలో ఆ మాట అన్నవాడు అంతకుముందు ఎవడూ లేడు.

జనం కుర్చీలు, మంచం కోళ్లు, ఇస్త్రీ బల్ల తెచ్చారు. నోలీన్ టేపు పట్టుకుని ఒక్కొక్కటీ కొలిచింది. అన్నీ ఒకటిన్నర లోపే. పొట్టివి కోస్తే అది చెత్త కోత కాదు, మోత అవుతుంది, నేను రాయాల్సి వస్తుంది అంది. బతిమాలినా వినలేదు. పెట్ట ఎత్తిన కాలు దించి, గుమ్మానికి వీపు తిప్పింది.

నోలీన్ టేపు పట్టుకుని తన వాకిట్లోకి నడిచింది. కొత్త బెంచీ కొలిచింది. ఒకటీ ఎనభై.

"ఇది చెత్తేనా?" అన్నాడు గ్యారెత్.

"ఇప్పుడైంది. కొయ్యి."

మంచి గట్టి కర్ర. చాలాసేపు పట్టింది. నేను పెరట్లోకి వెళ్లేసరికి పెట్ట పలక మీద అడుగు పెట్టి లోపల బఠాణీలు తింటోంది. మిషన్ కూత పెట్టే ఉంటుంది, రంపం మోతలో వినపడలేదు. అంకెలు చూశాను. మూడూ నాలుగు.

సల్వుది మూడూ పదికి వచ్చింది. ఇళ్ల దూరాల తేడా తీసేసినా క్లబ్బులో అందరికన్నా నాదే ముందు. సల్వు ఫోన్ చేసి, ఈసారి నవ్వకుండా, మంచిది అన్నాడు. ఆ తర్వాత ఫోన్ చెయ్యలేదు.

పందెంలో గెలిచిన కప్పు ఫ్రిజ్ మీద పెట్టాం. దొలొరెస్ దాన్ని రెండుసార్లు తుడిచింది. మూడోసారి తుడుస్తూ, మాటిచ్చావు గుర్తుందా అంది. ఉందన్నాను.

పావురాల్ని సల్వుకి ఇచ్చేయాలని ముందే అనుకున్నాం. వాటిని తీసుకెళ్లే బుట్టలు అతని దగ్గరున్నాయి. పందేలు పూర్తయ్యాక ఒక శనివారం గ్యారెత్ రంపంతో ఎనిమిదింటికి వచ్చాడు. గూడు కోసి కుప్ప పెడతానన్నాడు. ఆఖరిసారని పొద్దున్నే పావురాల్ని వదిలాను. ఆకాశంలో తిరుగుతున్నాయి. గూడు ఖాళీగా ఉంది.

గ్యారెత్ మొదటి మెట్టు మీద రంపం ఆనించి మీట నొక్కాడు. ఆకాశం మొత్తం కిందికి దిగింది. ముప్పై పావురాలు అతని తల మీంచి, చేతుల కిందనుంచి దూరి లోపలికెళ్లి వరసగా నిలబడ్డాయి. ముందు నీలి పెట్ట.

అతను ఆపాడు. నేను మెట్లెక్కి వాటిని బయటికి తోలాను. అతను మళ్లీ వేశాడు. మళ్లీ వచ్చాయి. పది దాకా ఇదే. పదకొండు దాకా ఇదే. గూటి వాకిలి మూసేస్తే మెట్ల మీద బారులు తీరి రంపం కిందే తలలు పెట్టాయి.

"పట్టి బుట్టల్లో పడెయ్ పెద్దాయనా," అన్నాడు గ్యారెత్.

"బుట్టలు సల్వు దగ్గరున్నాయి."

"సల్వు రాలేదేం?"

దొలొరెస్ వంటింటి కిటికీలోంచి నన్నే చూస్తోంది. సల్వుకి ఫోన్ చెయ్యడం నా పని.

"చెయ్యలేదు," అన్నాను.

అప్పటికి మొదటి మెట్టులో బెత్తెడు కోత పడింది, అంతే. నోలీన్ గేటు దగ్గరికొచ్చి నోటుబుక్కు పైకెత్తింది. ఒంటిగంట. గ్యారెత్ రంపం కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు.

వచ్చే శనివారం అంది దొలొరెస్ కిటికీలోంచి.

సరే అన్నాను. పాపం పొద్దుట్నుంచి వాటిని అన్నిసార్లు పిలిచాం, ఒక్కసారీ మేత పెట్టలేదు. బఠాణీల డబ్బా తీసుకుని మెట్లెక్కాను.