పదకొండు రోజులు ఆగమన్నాను

మొదట్లో నా చేతిలో ఉన్నది రెండు వందల పద్నాలుగు అనే అంకె ఒక్కటే, ఆర్నెల్ల కిందట ఈ గదిలోనే చెప్పింది, విజయవాడ నుంచి స్కాన్ మిషను పట్టుకుని నెలకోసారి బందరు వచ్చే ఈ డాక్టరమ్మే, మీ అమ్మాయి ప్రేమకి సికిల్ సెల్ రక్తజబ్బు కదండీ, మెదడులో రక్తం మరీ వేగంగా పరిగెడుతోంది, రెండు వందలు దాటితే పక్షవాతం భయం, నెలనెలా రక్తం ఎక్కించాలి, టాన్సిల్స్ కూడా తీసెయ్యాలి, నిద్రలో ఊపిరి ఆగిపోతోంది పిల్లకి, ఆగడమేంటండీ గురక పెడుతుంటే అన్నాను, ఇప్పుడు మళ్లీ అదే బల్ల మీద ఏడేళ్ల ప్రేమ, కణత మీద చల్లటి జిగురు, మిషను సుయ్ సుయ్ మంటోంది, నాన్నా నా తలలో మన చెరువు ఏరేటరు తిరుగుతోందే అంటోంది, కదలకమ్మా.

ఏరేటరు, అవును, నాగాయలంకలో మా రొయ్యల చెరువు చూసే అబ్రహాము ఫోన్ చేసి బావా రొయ్య తేలుతోంది అంటే చాలు, నీళ్లలో గాలి చాల్లేదని నాకు నిద్రమత్తులోనే తెలిసిపోయేది, ఏరేటర్లన్నీ వేసెయ్ అని అరిచేవాణ్ణి, నా పక్క మంచం మీదే పిల్ల మెడ వెనక్కి విరుచుకుని, నోరు తెరుచుకుని, గురక ఠక్కున ఆగి, ఎంతసేపటికో ఉలిక్కిపడి మళ్లీ మొదలయ్యేది, మా అమ్మ భానుమతి నవ్వేది, అచ్చం నీ గురకేరా, ఎంత హాయిగా పడుకుందో చూడు, నేనూ నవ్వాను.

మొదట చెప్పిన ధరకి ఎప్పుడూ ఒప్పుకోను, అదే నా వ్యాపారం, వారంలో ఆపరేషన్ అంటే రొయ్యల పట్టుబడి ఉందండీ పదకొండు రోజులు ఆగలేమా అన్నాను, ఆగకూడదండీ అంది, ఆగితే ఏమవుతుంది అన్నాను, కచ్చితంగా నాకు తెలీదండీ అంది, ఆ తెలీదన్న మాటని బేరం కుదిరినట్టే లెక్కేసుకుని చెరువు గట్టుకి వెళ్లాను, తొమ్మిదో రోజు పొద్దున్న పాల గ్లాసు ప్రేమ ఎడమ చేతిలోంచి జారింది, దీని మూతి వంకరపోతోందండీ అని మా ఆవిడ గంగాదేవి ఫోన్లో ఏడుస్తోంది, నా ముందు వలలో రొయ్యలు ఎగురుతున్నాయి.

నూట డెబ్భై ఆరు, అంది డాక్టరమ్మ, బాగా తగ్గిందండీ, ఆ తర్వాత చేయించిన ఆపరేషన్ వల్ల ఎంత, ఈ ఆర్నెల్లూ ఎక్కించిన రక్తం వల్ల ఎంత అని అడిగేశాను, విడదీసి చెప్పలేను, రక్తం మాత్రం ఆపకండి అంది, అలాగేనండీ అన్నాను, బేరమాడలేదు, ప్రేమ లేచి కుడి చేత్తో జిగురు తుడుచుకుని, అదే చేత్తో ఎడమ చేతిని, పక్కన పెట్టిన బొమ్మని తీసుకున్నట్టు, ఒళ్లోకి తీసుకుంది, రాత్రిళ్లు ఇంట్లో ఇప్పుడు చప్పుడు లేదు, ఆ నిశ్శబ్దంలో లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటాను, ముప్పై ఎనిమిది తగ్గింది, అది డాక్టరమ్మ చేసింది, ఆ ఎడమ చెయ్యి నేను చేసింది, దక్కింది నోరు మూసుకుని నిద్రపోయే కూతురు, దాని కుడి చెయ్యి.