మంచు ఆరాకే కోత

తూరుపు తెల్లబడకముందే డోలు చప్పుడు రక్షా వాకిట్లోకి వచ్చేసింది. ముందు డోలు వాయిస్తూ కోతల పెద్ద నూర్‌దీన్, వెనకాల కొడవళ్ళతో ఊరి జనం. భదర్వా కొండల్లో ఎవరి చేలో పనైనా అంతే. పిలుపు వెళితే ఇంటికొకరు వస్తారు. కూలి అడగరు. సగం పని అయ్యాక పెట్టే అన్నం తిని, మిగతా సగం కానిచ్చి పోతారు. ఇవాళ పిలుపు లావెండర్ పూల కోతకి.

చిక్కంతా అక్కడే వచ్చింది. వాళ్ళ చేతులకి అలవాటైంది గడ్డి కోత. గడ్డిని మంచు తడి మీద కోస్తేనే కొడవలి వెన్నలో దిగినట్టు దిగుతుంది. లావెండర్‌కి ఆ తడే చేటు. నిరుడు రక్షా తొలి పూతని తెల్లవారుజామునే కోసి, మూటగట్టి, వాగు ఒడ్డున నూనె తీసే బట్టీకి మోసుకెళ్ళింది. విప్పి చూస్తే లోపల వేడెక్కి కుళ్ళిన గడ్డి కంపు. బట్టీవాడు ముక్కు మూసుకున్నాడు. మామ ముల్క్‌రాజ్ ఒక్కటే మాట అన్నాడు. "వచ్చే కోత దాకా చూస్తా. అదీ ఇంతే అయితే దున్నేసి మొక్కజొన్న వేస్తా."

మొక్కజొన్న వేస్తే సగం కోతులకి, మిగిలినదాంట్లో సగం ఎలుగుబంటికి. లావెండర్ జోలికి ఏ జంతువూ రాదు, నూనెని వ్యాపారులు ఇంటికొచ్చి కొనుక్కుపోతారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా తాతల నాటి పంట కదా, మనసొప్పదు. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. చేను సంగతి తేల్చుకోవలసింది మామా కోడలే. ఆయనిచ్చిన గడువు కోత ఇవాళ్టిదే.

"ఆగు బాబాయ్! ఎవ్వరూ చేలోకి దిగొద్దు. ఎండ రానీ, మంచు ఆరనీ," అంది రక్షా అడ్డంగా నిలబడి.

"నీ పెళ్ళి కాకముందు నుంచీ ఈ కొండ మీద కోతలు కోస్తున్నానే పిల్లా! నాకు వేళ నేర్పుతావా?" అన్నాడు నూర్‌దీన్.

"గడ్డి సంగతైతే నీ దగ్గరే నేర్చుకుంటా. ఇది గడ్డి కాదుగా."

జనం కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకే ముసలాయనకి మండింది. "పిలిచి వాకిట్లో నిలబెడతారా? పదండ్రా, పోదాం!" అన్నాడు. డోలు ఆగిపోయింది. అరుగు మీద కూర్చున్న ముల్క్‌రాజ్ కోడలేం చేస్తుందా అని చూస్తున్నాడు.

వాళ్ళు వెళ్ళిపోతే అంతే సంగతులు. బట్టీ దగ్గర తమ వంతు ఇవాళే, సాయంత్రానికి వాన కూడా పట్టేటట్టుంది. రక్షా గిరుక్కున లోపలికి వెళ్ళి, మధ్యాహ్నం కోసం వండిన రాజ్మా గుండిగ, అన్నం గుండిగ లాక్కొచ్చి వాకిట్లో దింపింది.

"వెళ్దురుగాని. పిలిచాను కాబట్టి తిని మరీ వెళ్ళండి."

వేడి వేడి రాజ్మా మీద నెయ్యి ధారగా పోస్తుంటే పౌరుషం ఎంతసేపని నిలుస్తుంది? అందరూ కూర్చున్నారు. "అన్నంతో నాకేం పగ లేదు," అంటూ నూర్‌దీన్ మారు కూడా వడ్డించుకున్నాడు. పైన అక్రోటు పచ్చడి, ఆపైన ఉప్పు టీ. కబుర్లలో పడి ఎండ ఎంత ఎక్కిందో ఎవరూ చూసుకోలేదు.

చెయ్యి కడుక్కుని ఆయన లేవబోతుంటే రక్షా తాపీగా అంది. "మంచిది బాబాయ్. కొడవలి ముట్టకుండా మా అన్నం తిని వెళ్ళావని అడిగినవాళ్ళకి చెప్తాలే."

నూర్‌దీన్ ఎక్కడివాడు అక్కడే ఉండిపోయాడు. పని ముట్టకుండా అన్నం తిన్నవాడు ఆ కొండ మీద ఇంతవరకూ లేడు. "ఓసి నీ అసాధ్యం కూలా!" అని పకపకా నవ్వేశాడు. "ఇరికించేసిందిరా! పదండి, చేలోకి పదండి!"

అందరికంటే ముందు ముల్క్‌రాజ్ వెళ్ళి ఒక పూల గుత్తిని గుప్పిట్లో నొక్కి చూశాడు. అరచేయి పొడిగా ఉంది. "ఊఁ, కానివ్వండి," అన్నాడు.

సాయంత్రం బట్టీ గొట్టం కింద, నీళ్ళ మీద లేత పసుపు రంగు నూనె తేలింది. "సరుకంటే ఇదీ!" అన్నాడు బట్టీవాడు. ముల్క్‌రాజ్ వేలు ముంచి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"ముల్క్‌రాజ్, వచ్చే ఏడు కూడా పిలుపు పంపు. ఎండెక్కాకే వస్తాంలే," అన్నాడు నూర్‌దీన్.

"నన్నెందుకడుగుతావు? చేను ఆమెది. పిలుపు ఆమె పేరు మీదే వెళ్తుంది."

ఆ కొండ మీద పిలుపు ఇంటి పెద్ద మగవాడి పేరు మీద తప్ప ఏనాడూ వెళ్ళలేదు. పొద్దుటినుంచీ ప్రతి మాటకీ బదులు చెప్పిన రక్షాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సరే మామయ్యా," అని తలూపింది.