బెల్లు నాది, మైకు ఆయనది

మా ఆయన ప్రపంచ చరిత్ర చదివేది నేను చపాతీలు ఒత్తేటప్పుడే. మనసులో చదువుకుంటే ఎక్కదట, పైకి చదవాలట, పైకి చదివితే వినడానికి ఒక మనిషి కావాలట. అందుకని కుర్చీ తెచ్చి వంటింటి గడప దగ్గర వేసుకుని, జనరల్ నాలెడ్జి పుస్తకం తొడమీద పెట్టుకుని మొదలుపెడతాడు. రోమ్ తగలబడుతుంది, బాస్టిల్ కూలుతుంది, వాటర్లూలో నెపోలియన్ ఓడిపోతాడు. నా పెనం మీద చపాతీ పొంగుతుంది. మధ్యమధ్యలో ‘ఇంకోటెయ్యి’ అంటాడు. ఆ ఒక్క ముక్కా పుస్తకంలోది కాదని నాకు తెలుసు.

ఈ హడావుడంతా మా నాచారం కాలనీ వార్షికోత్సవంలో జరిగే దంపతుల క్విజ్ కోసం. సెక్రటరీ రాఘవేంద్ర గారు దానికొక నియమం పెట్టాడు. బెల్లు భార్య కొట్టాలి, జవాబు భర్త మైకులో చెప్పాలి. ఆడవాళ్లకు చెయ్యి చురుకు, మగవాళ్లకు గొంతు గట్టి అని వివరించి, ఇద్దరికీ సమానపాత్ర ఇచ్చామని చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు. రెండేళ్లుగా కప్పు మాదే. ప్రశ్న సగంలో ఉండగానే నేను బెల్లు కొడతాను. మా ఆయన తిరుపతి సలహా అడుగుతున్నట్టు నావైపు వంగుతాడు. నేను పెదవి కదిపీ కదపకుండా చెబుతాను. ఆయన నిటారుగా కూర్చుని, కాస్త ఆలోచించినట్టు కళ్లు మూసి తెరిచి, మైకులో చెబుతాడు. కాలనీలో ఆయన పేరిప్పుడు హిస్టరీ తిరుపతి. తమాషా ఏమిటంటే ఆయన నటించడం లేదు. జవాబు తనకే తట్టిందని నిజంగా నమ్ముతాడు. పోచారం ఆఫీసులో కూడా చెప్పుకున్నాడట. అబద్ధాలకోరుతో అయినా పోట్లాడవచ్చు గానీ నమ్మినవాడితో ఎలా పోట్లాడేది?

నేను చరిత్రలో ఎమ్మే చేశాను. పెళ్లయ్యాక ఆ మాట చెప్పే సందర్భం రాలేదు, పెళ్లి కార్డు మీద వేశారంతే. మొన్న వేసవిలో, క్విజ్ నడిపే గ్రేస్ మేడం, రామంతాపూర్‌లో ఆవిడ నడిపే బడికి సోషల్ టీచరు కావాలని కాలనీ గ్రూపులో పెట్టింది. నేను వెళ్తానని ఇంట్లో అన్నాను. తిరుపతి నవ్వాడు. కోపంగా కాదు, జాలిగా. “పదేండ్ల సంది పుస్తకం ముట్టలేదు. పిల్లలు అడిగితే ఏం చెప్తవ్ పద్మా? నీకేం యాదికున్నది?” అన్నాడు. ఆ రాత్రి అంట్లు తోముతూ మౌర్యుల నుంచి మొదలుపెట్టి మనసులోనే అప్పజెప్పుకున్నాను. అన్నీ ఉన్నాయి. ఉన్నాయని ఎవరికి చూపించాలో తెలియక ఏడుపొచ్చింది.

ఇక మా అత్తమ్మ దుర్గమ్మ గురించి చెప్పాలి. ఆమె జనగామ పక్క పల్లె నుంచి పెళ్లయి వచ్చి, నాచారంలో నూలు మిల్లులో చేరింది. తెగిన దారాలు అతికే పని. ఆ మిషన్ల మోతకి రిటైరయ్యేసరికి చెవులు పోయాయి. అయితే ఆ మోతే ఆమెకు ఒక భాష కూడా ఇచ్చింది. మిల్లులో అరిచినా వినపడదు గనక ఆడవాళ్లు గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడుకునేవారట. ఈ వరసలోంచి ఆ వరసలోకి కష్టసుఖాలు, తిట్లు, సూపర్‌వైజరు మీద జోకులు. తిరుపతి ఇంట్లో కూర్చుని ఆఫీసు కాల్స్‌లో ఉన్నప్పుడు చప్పుడు చెయ్యకూడదు కదా, అప్పుడు నాకూ నేర్పింది. వంటింట్లో మేమిద్దరం పోట్లాడుకున్నా, పడిపడి నవ్వుకున్నా ఆయనకు తెలియదు. అంత లోకజ్ఞానం, అంత కొంటెతనం ఉన్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. జనం మాత్రం ఆమెను పాపం చెవిటి ముసలమ్మ అంటారు. క్విజ్‌కి ఏటా వచ్చి ముందు వరసలో కూర్చుంటుంది. ఒక్క మాట వినపడదు, అయినా కదలదు. సమోసాల కోసం అనుకునేదాన్ని.

ఈసారి పోటీ గట్టిగా నడిచింది. చివరికి మేమూ, గిరిప్రసాద్ దంపతులూ సమానంగా నిలిచాం. ఒక్క ప్రశ్న మిగిలింది. గ్రేస్ మేడం కాగితం తిప్పుతూ మా ఆయన వైపు చూసి, “తిరుపతి గారూ, మీలాంటి వారు మా బడిలో సోషల్ చెప్తే పిల్లల అదృష్టం అండీ,” అంది. తిరుపతి వినయంగా తల వంచాడు. నా పక్కనే కూర్చుని, నాకు రావలసిన మాటను పూలదండలా మెడలో వేసుకున్నాడు. నేను బెల్లు మీద వేళ్లు సర్దుకున్నాను.

“పదిహేడు వందల ఎనభైతొమ్మిది అక్టోబరులో పారిస్ నుంచి వెర్సాయ్ దాకా నడిచి వెళ్లి...” అని ఆవిడ మొదలుపెట్టగానే నా చెయ్యి అలవాటు ప్రకారం బెల్లు కొట్టేసింది. ఆవిడ ప్రశ్న పూర్తి చేసింది. “రాజును వెంటబెట్టుకొచ్చింది ఎవరు?”

ఆ పేజీ నాకు తెలుసు. ఆయన అది చదువుతూనే ఇంకో చపాతీ అడిగాడు. తిరుపతి నావైపు వంగాడు. నేను తలెత్తాను. ముందు వరసలో అత్తమ్మ నన్నే చూస్తోంది. ఆమె పెదాలు కదిలాయి, మిల్లులో లాగా, గొంతు లేకుండా.

వానికి చెప్పకు. నువ్వే చెప్పు.

ఈమెకు తెలుసు. హాలంతా చెవులతో విని మా ఆయన్ని మెచ్చుకుంటుంటే, చెవులు లేని ఈ ఒక్క మనిషే ఎవరి పెదవి ముందు కదులుతుందో చూస్తోంది. మొదటి ఏడాది నుంచీ చూస్తోంది. నేను నోరు గట్టిగా మూసుకున్నాను. తిరుపతి ఇంకాస్త వంగాడు. మైకు ఆయన చేతిలోనే ఉంది, ఆ సంగతి మరిచిపోయాడు.

“చెప్పవేందే? జల్ది చెప్పు.”

హాలంతా వినిపించింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాను. లాక్కోలేదు, ఉప్పు డబ్బా అందుకున్నట్టు అందుకున్నాను. నా గొంతు స్పీకర్లలో ఇలా ఉంటుందని నాకిప్పటిదాకా తెలియదు.

“ఆడోళ్లు మేడం. బజార్ల చేపలమ్మేటోళ్లు, కూరగాయలమ్మేటోళ్లు. ఇండ్లల్ల రొట్టె లేక వానల తడుసుకుంట పోయిన్రు. రాజును తోల్కొని వచ్చిన్రు.”

గ్రేస్ మేడం చేతిలో కాగితం చూసుకుంది. జవాబు సరైనదేనంది. రాఘవేంద్ర గారు లేచి, శ్రీమతిగారు చెప్పారు గనక నియమం ప్రకారం చెల్లదన్నాడు. కప్పు గిరిప్రసాద్ దంపతులకు పోయింది. వాళ్లు ఫొటో దిగుతుంటే గ్రేస్ మేడం నా దగ్గరకొచ్చి, గురువారం బడికి వచ్చి తొమ్మిదో తరగతికి ఫ్రెంచి విప్లవం పాఠం ఒకటి చెప్పి చూపించమంది. ఎక్కడ చదివానని అడగలేదు. అప్పటికే అర్థమై ఉంటుంది.

ఇంటికొచ్చి తలుపు వేశాక తిరుపతి మొదలుపెట్టాడు. పరువు తీశానన్నాడు, చేతికొచ్చిన కప్పు పోగొట్టానన్నాడు. జవాబు తన నోటిదాకా వచ్చిందట, నేనే తొందరపడ్డానట. అత్తమ్మ సోఫాలో కూర్చుని ఆయన మూతినే చూస్తోంది. వినపడనివాళ్ల గొంతు పెద్దది, పక్క ఫ్లాటుకు కూడా వినిపించి ఉంటుంది.

“నీ నోరు నాకు ఎరుకే కొడకా. దాని పెదవి కదిలినంకనే నీది కదుల్తది. ఇయ్యాల అది కదపలేదు. నీకు ఏమొచ్చింది మరి?”

తిరుపతి తల్లి ముఖం వంక, తర్వాత నా వంక చూశాడు. పదేళ్లలో మొదటిసారి ఆయన ముఖంలో నిజంగా ఆలోచన కనిపించింది. వెళ్లి స్నానం చేశాడు. నేను అత్తమ్మ పక్కన కూర్చుని ఆమె అరచేయి పట్టుకున్నాను. దారాలు అతికీ అతికీ వేళ్ల చివర్లు ఇంకా గరుగ్గానే ఉన్నాయి. ఎప్పుడూ చెప్పలేదేమని పెదాలతో అడిగాను. నీ మాట నేను చెప్తే మళ్లీ ఇంకొకరు చెప్పినట్టే గదా బిడ్డా, అంది పెదాలతోనే.

మర్నాడు సాయంత్రం తిరుపతి ఆఫీసు నుంచి వచ్చేసరికి కుర్చీ వంటింటి గడప దగ్గర ఉంది. అందులో నేనున్నాను, నా తొడమీద పుస్తకం ఉంది. నన్ను చూసి ఆగిపోయాడు.

“గురువారం పాఠం చెప్పాలె. పైకి చదివితేనే నాకెక్కుతది, వినడానికి ఒక మనిషి గావాలె,” అన్నాను పేజీ తిప్పుతూ. “పిండి తడిపి పెట్టిన. పీట ఆడనే ఉన్నది.”